సామ్రాజ్యాల పాఠం చెప్పిన మాస్టారు

తెల్లవారుజామున నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి. ఎండ ముదరకముందే మామిడి రసాలు కోయించాలని కూలీలను చెట్లెక్కించాను. అప్పుడు నాతోపాటు చదువుకున్న పక్కతోట రైతు గట్టు మీదికి వచ్చి, "మాస్టారు పోయారండీ, రాత్రి నిద్రలోనే" అన్నాడు. మాస్టారింటివాళ్ళు ముందు అతనికి ఫోన్ చేశారు. దుఃఖం కంటే ముందు నాకు తగిలింది అదే.

హైస్కూల్లో మా ఇద్దరికీ సోషల్ చెప్పారాయన. రిటైరయ్యాక సాయంత్రాలు చంకలో పేపరు, చేతిలో వేరుశెనక్కాయల పొట్లంతో మా తోటల వైపు నడిచి వచ్చేవారు. పేపర్లో విదేశాల వార్తలే చదివేవారు.

"ఒకప్పుడు ఏలిన దేశం పక్కదేశాన్ని అడగదయ్యా. చెబుతుంది. అవతలివాడు తలూపకపోతే అవమానం అనుకుంటుంది. దాని స్నేహాలూ తగాదాలూ అక్కణ్ణుంచే" అనేవారు.

నేను అవునండీ అనేవాణ్ణి. పక్కతోట అతను ఊరుకునేవాడు కాదు.

"మనం ఎవర్నీ ఏలలేదు కదండీ. మరి పక్కనున్న చిన్న దేశాలు మనల్ని చూసి ఎందుకు ముడుచుకుంటాయి?"

మాస్టారు నమలడం ఆపి పొట్లం మొత్తం అతని చేతిలో పెట్టారు. "ఇదీ ప్రశ్నంటే. ఏలినవాడు ఖాళీ చేసిన ఇంట్లో ఉంటున్నాం. వాడి తీరు కూడా మనకి అంటిందేమో చూసుకోవాలి."

నేను ఎన్ని అవునులు చెప్పినా ఆ పొట్లం నా చేతికి రాలేదు.

మా తాత జమీందారీ ఎస్టేటు రోజుల్లో శిస్తు వసూలు చేసేవాడు. ఎస్టేటు పోయినా చుట్టుపక్కల రైతులు కోతలో తొలి గంప మా ఇంటికి పంపేవారు. పక్కతోట అతను వాళ్ళ నాన్న పోయాక మానేశాడు. ఒక వేసవిలో ఆ గంప మాస్టారి వరండాలో కనిపించింది. అతనూ అక్కడే ఉన్నాడు.

"మీ నాన్న ఉన్నన్నాళ్ళూ పద్ధతి తప్పలేదు" అన్నాను.

"కాయలు కావాలంటే అడగండి, పంపిస్తాను. దానికేముంది?"

"మేం అడగడమేంటి?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇన్నేళ్ళూ ఈ పాఠం నేను బయటి నుంచి చెప్పాను. నువ్వు లోపలివాడివి. నీకే బాగా తెలియాలి" అన్నారు నాతో.

అతనికి చెప్పని మాట ఒకటి నాకు చెప్పారని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు పేపర్లో ఏ పెద్ద దేశం అలిగినా, ఎందుకలిగిందో నాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అందుకు ఆయనకు రుణపడే ఉంటాను.

మర్నాడు సమాధుల దగ్గర మాస్టారి చర్చి పాస్టరుగారు ప్రార్థన ముగించి, అందరినీ మట్టి వెయ్యమన్నారు. ముందు నన్ను పిలుస్తారని నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. మాస్టారి కొడుకుతోపాటు పక్కతోట అతను వేశాడు. తరవాత చుట్టాలు, పాత విద్యార్థులు. నేను వరసలో నా వంతుకి వేశాను.

పాస్టరుగారు పన్నెండింటికి వెళ్ళారు. తరవాత చుట్టాలు వెళ్ళారు. పక్కతోట అతను ఇంటివాళ్ళతో కలిసి మాస్టారింటికి వెళ్ళాడు. అందరూ కదిలాక నేను బండి తీసుకుని తోటకి వచ్చేశాను.