లియోకాడియో డోలు ఆపిన రోజు

లియోకాడియో పేరు చెబితే మా మతాన్సాస్ రేవులో ఇప్పటికీ సగం మంది పెదవి విరుస్తారు. డోలు మీద మంచి చెయ్యే గానీ చివర్లో పడిపోయింది అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు అతని పక్కన కూర్చుని పెద్ద డోలు వాయించింది నేను. సంగతి దాచమన్నవాళ్లు పోయారు కాబట్టి ఇక దాచను.

అతని తల్లి ఓడల వాళ్ల బట్టలు ఉతికేది. ఆవిడ బట్టను బండకేసి బాదుతుంటే, పిల్లవాడు ఉప్పుచేపల చెక్కపెట్టె మీద కూర్చుని ఆ దెబ్బకు బదులు కొట్టేవాడట. పోలీసులు డోళ్లు లాక్కుపోయే రోజులవి. పెట్టెనెవరు లాక్కుంటారు? మీసాలు వచ్చేసరికే అతని చేతికి కింతో వచ్చింది. మూడు డోళ్లలో సన్నది అదే, మాట్లాడేదీ అదే. మిగిలిన రెండూ ఒకే దరువు పట్టుకుని దారి వేస్తాయి. కింతో మాత్రం బరిలో చిందేసే ఆటగాడి కాలిని చూస్తూ కొడుతుంది. డోలు పిలిచిన కాలితో ఆటగాడు జవాబు చెప్పాలి, కానీ అడుగు పడే క్షణానే డోలు దెబ్బ కూడా పడకుండా తప్పించుకోవాలి. రెండూ ఒక్కసారే పడి పట్టుబడితే డోలుకు దండం పెట్టి బరిలోంచి తప్పుకోవాలి.

లియోకాడియోకు చిక్కనివాడు లేడు. వారమంతా పంచదార బస్తాలు మోసి అరచేతులు పగిలితే, పడుకునే ముందు కొవ్వు కాచి రాసుకునేవాడు. పండుగలకు కార్దెనాస్ ఊరి నుంచి కూడా అతని కోసం మనిషిని పంపేవాళ్లు. తాగుడు లేదు, తగవులు లేవు. ఉన్న ఒక్క పొగరూ ఆ డోలు మీదే. "నా కళ్లు ముయ్యి, వాడి కాలు ఎక్కడుందో చెప్తా" అనేవాడు. నిజంగానే చెప్పేవాడు కూడా.

భార్య పేరు బెనిల్దా. ఆమె అన్న మకారియో కత్తులతో ఆడేవాడు. రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకుని, మెడ చుట్టూ, కాళ్ల కిందుగా తిప్పుతూ ఆడుతుంటే చూసేవాళ్లకు ఊపిరాడేది కాదు. పెళ్లికి ముందే ఒకసారి లియోకాడియో అతన్ని డోలుతో పట్టేశాడు. బావలిద్దరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లు గానీ, ఆ ఓటమి మాత్రం మకారియోకు గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఆ ఏడు సాన్ హువాన్ పండుగనాడు మధ్యాహ్నం దోన్యా తొమాసా పెరట్లో గుమిగూడాం. పందిరి కింద రేవు మేస్త్రీ అన్సెల్మో రమ్ము గ్లాసుతో కూర్చున్నాడు. మర్నాడు ఎవరికి పని ఉంటుందో, ఎవరికి ఉండదో చెప్పేది అతనే. మకారియో కత్తులతో బరిలోకి దిగి, ఆనవాయితీ ప్రకారం డోలు ముందు వంగాడు.

లియోకాడియో ఒక్కసారిగా బిగుసుకుపోయాడు.

"ఎడమ మోకాలు," అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. "వంగట్లేదు. డోలు పట్టుకుని లేచాడు, చూశావా?"

బస్తా జారి ఆ మోకాలి మీద పడిందని తర్వాత తెలిసింది. మకారియో ఎవరికీ చెప్పలేదు. అన్సెల్మో చెవిన పడితే ఆ పూటే పనిలోంచి తీసేస్తాడు, ఇంట్లో చూస్తే బోలెడుమంది పిల్లలు. ఇప్పుడు లియోకాడియో నోరు విప్పితే బావ కూడు పోతుంది. విప్పకపోతే, ఆ మోకాలు ముడుచుకున్న క్షణాన కత్తి ఎక్కడ దిగుతుందో చెప్పలేం.

కొట్టడం మొదలుపెట్టాడు. డోలు కుడికాలినే పిలుస్తోంది, మళ్లీ మళ్లీ కుడికాలినే. మకారియో కుడికాలి మీదే ఆడుతున్నాడు. కాసేపు అలా గడిచింది. కానీ ఆ పెరట్లో చెవుల్లేనివాళ్లెవరు?

"ఏంటయ్యా లియో, చెప్పిందే చెప్తున్నావ్? జపమాల తిప్పుతున్నావా?" అన్నారెవరో వెనకనుంచి.

"పొద్దున్న తిన్న చిలగడదుంప ఇంకా అరగలేదేమో పాపం!" అంది తొమాసా. అందరూ గొల్లుమన్నారు.

లియోకాడియో తల ఎత్తలేదు. గడ్డం మీంచి చెమట తోలు మీద పడుతోంది. మకారియో మొహం మాడిపోయింది. బావ తనమీద జాలిపడుతున్నాడని అతనికి అర్థమైపోయింది.

"ఏం బావా, చంటిపిల్లాడితో ఆడుకుంటున్నావా? సరిగ్గా కొట్టు!"

"కొడుతున్నాగా బావా. నువ్వు ఆడు."

"అయితే దీన్ని పట్టు చూద్దాం!"

మకారియో ఎడమకాలి మీదకు మారాడు. కుడికాలు గాల్లోకి లేపి, దాని కిందనుంచి కత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి విసిరాడు. జనం కేక పెట్టారు. మోకాలు వణకడం ఈసారి నాక్కూడా కనిపించింది. ఇంకోసారి విసిరాడు. కత్తిమొన తగిలి ప్యాంటు చిరిగింది. గుమ్మంలో బెనిల్దా నోరు నొక్కుకుంది. మళ్లీ కాలు లేపేసరికి మోకాలు లోపలికి ఒరిగింది.

లియోకాడియో డోలు ఆపేశాడు.

ఆటగాడు బరిలో ఉండగా కింతో ఆగడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. నా చెయ్యి కూడా ఆగిపోయింది. మకారియో కాలు దించి రొప్పుతూ నిలబడ్డాడు.

"వేళ్లు నా మాట వినట్లేదు," అన్నాడు లియోకాడియో, అందరికీ వినబడేలా. "ఈ చేతులు బస్తాలకు చాలు, డోలుకు చాలవు. ఓడిపోయాను బావా. ఆట నీదే."

పెరడంతా కేరింతలు. మకారియోను భుజాల మీదకెత్తుకుని తిప్పారు. కుంటుతూ నడవాల్సిన పని అలా తప్పింది. అన్సెల్మో కూడా లేచి చప్పట్లు కొట్టాడు. లియోకాడియోకేసి చూసినవాళ్లు లేరు.

జనం పందిమాంసం దగ్గరికి కదిలాక మకారియో గోడ పట్టుకుని మా దగ్గరికొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నా కాలి సంగతి చెప్పెయ్ బావా. నీ పేరెందుకు పాడుచేసుకుంటావ్? పోతే పోయింది వెధవ పని."

"ఏ కాలు?" అన్నాడు లియోకాడియో.

ఆ వేసవంతా అన్సెల్మో కళ్లుగప్పి మకారియో వంతు బస్తాలు నేనూ లియోకాడియో మోశాం. మకారియో కత్తులు మళ్లీ ముట్టలేదు. లియోకాడియో కింతో ముట్టలేదు. మునుపటిలా ఒక్కసారి కొట్టినా, మరి ఆ రోజు ఎందుకు ఆపావని అడిగేవాళ్లు ఉంటారు. ఆదివారాలు వచ్చి నా వెనకే నిలబడేవాడు. ఎవరో కుర్రకుంక కింతో మీద తడబడుతుంటే, "ముసలోడా, వీడు నీకంటే నయమేలే!" అని నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. చేతులు మాత్రం జేబుల్లోంచి తీసేవాడు కాదు. తీస్తే అవి ఊరుకోవు.