పిన్ని మోకాలు, బాబాయి పొట్ట, నా సిద్ధాంతం

మా బాబాయి కడుపులో నేను చేజేతులా నిప్పంటించిన కథ ఇది. నవ్వుకోండి, పర్వాలేదు, ఆయన ఇప్పుడు కులాసాగానే ఉన్నాడు. ఇప్పటికీ నవ్వలేనిది నేనొక్కణ్ణే.

నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ణి. బాపట్లలో పిన్నీ బాబాయిల ఇంట్లో ఉంటూ ఉద్యోగం చేస్తుండేవాణ్ణి. ఉప్మా తినాలన్నా ముందు పట్టిక గీసుకునే రకం. అప్పుడే వాళ్లమ్మాయికి రేపల్లె సంబంధం కుదిరింది, పెళ్లి కూడా అక్కడే. చిక్కల్లా, కన్యాదానానికి పీటల మీద కూర్చోవాల్సిన ఇద్దరికీ మోకాళ్లు వాచిపోయాయి. తెనాలిలో డాక్టరుగారు ఇద్దరినీ పరీక్షించి, ఇద్దరికీ వాపు తగ్గే ఒకే మాత్ర రాశారు. రోజుకొకటి, టిఫిన్ తిన్నాక.

నేను పొద్దున్నే రీడింగు తీసుకునేవాణ్ణి.

"బాబాయ్, నొప్పి పదికి ఎంత?"

"రెండు రా. ఇవాళ బజారుకి నడిచే వెళ్తా."

"పిన్నీ, నీకు?"

"పదికి పదిహేను. పక్కకి జరుగు, పప్పు మాడుద్ది."

కొన్నాళ్లకి బాబాయి గ్యాస్ సిలిండర్ ఒంటి చేత్తో జరుపుతున్నాడు. పిన్ని మాత్రం గోడ పట్టుకుని పీతలా పక్కకి నడుస్తోంది. ఒకే మాత్ర, రెండు ఫలితాలు! నా బుర్ర పోపు గిన్నెలా చిటపటలాడింది. ఫోన్లో వెతికాను. కొన్ని నొప్పి, వాపు మందులకు ఆడవాళ్ల శరీరం, మగవాళ్ల శరీరం వేరువేరుగా స్పందించవచ్చట. ఇందులో తేలాల్సింది ఇంకా చాలా ఉందని కూడా కింద రాశారు. నేను అంత కిందికి వెళ్లలేదు.

"పిన్నీ, లోపం నీలో లేదు. ఈ మోతాదు మగాళ్ల ఒంటికి సరిపోద్ది, నీకు చాలదు. రేపట్నుంచి రాత్రికి ఇంకోటి వేసుకో."

"డాక్టరుగార్ని అడగొద్దంటావా?"

"సైన్సు పిన్నీ, సైన్సు!"

"అంతేనంటావా? సరే అయితే," అంది సంబరంగా. మందు పెంచితే సంబరపడే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. చూసీ అనుమానపడలేదు.

పెళ్లి వారం ఉందనగా, బాబాయి కంచం ముందు నుంచి లేచి పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. "ఒరే, కడుపులో పొయ్యి వెలిగించినట్టుంది రా!" వెంటనే వాంతి. కారెక్కించాం. పొన్నూరులో మా ముందు వడ్ల బస్తాల లారీ ఒకటి పెళ్లినడక నడుస్తోంది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నాకేమో అలవాటు కొద్దీ మనసులో జాబితా మొదలైంది. ఒకటి, పెళ్లి ఆగిపోతుంది. రెండు, బాబాయికి... రెండోది పూర్తిచేసే ధైర్యం లేక మళ్లీ ఒకటికే వచ్చాను. తెనాలి దాకా అదే తిరుగుడు.

డాక్టరుగారు ఇంజెక్షన్ చేసి, పరీక్షలన్నీ చూసి, "గండం గడిచింది. ఈయన మాత్ర రోజుకొకటేగా వేసుకుంది?" అన్నారు.

"ఒకటేనండి," అన్నాను నేను, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు. "పిన్నికే చాలక రెండు చేశానండి. ఆడవాళ్ల ఒంటికి..."

ఆయన కళ్లజోడు మీదుగా చూశారు. "తేడాలుండొచ్చు బాబూ. అవి చూసుకోడానికి మేమున్నాం. ఇంతకీ ఆవిడ మింగడం నువ్వు చూశావా?"

చూడలేదు. అందరం పిన్ని వైపు తిరిగాం.

"నేనెక్కడ మింగానండీ? మొదట్నుంచీ నావీ ఆయనకే ఇస్తున్నా."

"ఎందుకమ్మా?"

"అవి పడితే ఆయన లేచి బజారుకెళ్తున్నారు, సిలిండర్ జరుపుతున్నారు. లేకపోతే కుర్చీలోంచే కాఫీ అని కేకేస్తారు. ఆయన కదిలితే నా మోకాళ్లకి అంతకన్నా మందేముందండీ? వీడు ఇంకోటి పెంచితే, పోన్లే, బట్టలు కూడా ఆరేస్తారనుకున్నా. ఇలా అవుద్దని తెలిస్తే ఇస్తానా!"

మంచం మీంచి నీరసంగా గొంతు వినబడింది. "నాతో బలం మాత్రలని చెప్పావు కదే!"

డాక్టరుగారు బాబాయికి ఆ మాత్రలు ఆపేశారు. పిన్ని మాత్ర పిన్ని నోట్లోనే పడ్డాక వాపు దిగింది. రేపల్లెలో ఆవిడ పీట మీద దర్జాగా కూర్చుంటే, పక్కన బాబాయి మళ్లీ వాచిన మోకాళ్లతో కుర్చీలో మజ్జిగ తాగుతూ కన్యాదానం చేశాడు.

కాబట్టి అగ్నిసాక్షిగా, అదే, బాబాయి పొట్టలోని అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. డాక్టరు రాసిన మోతాదు జోలికి ఇక వెళ్లను. ఆడవాళ్ల ఒంటికీ మగవాళ్ల ఒంటికీ తేడా చెప్పే ముందు, మాత్ర ఎవరి ఒంట్లోకి వెళ్లిందో చూస్తాను.

సిలిండర్ ఇప్పుడు నేనే మోస్తున్నాను. పిన్ని నొప్పి పదికి ఒకటి. నాకు నడుం పట్టేసింది. మాత్ర అడగాలంటే భయంగా ఉంది.