మాటలు విప్పే కరుణ

నిన్న ఉదయం పవర్‌హౌస్ డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది.

"అంకుల్, టీచర్ దీదీ పడిపోయారు. జల్దీ రండి."

బతు బస్తీ చర్చి వెనక గది. కరుణ శనివారం తెలుగు క్లాసు. పిల్లల తల్లులే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు.

నేను చేరేసరికి అయిపోయింది.

నా భార్య కరుణ లేదు. రాశాను గానీ ఇంకా నమ్మలేదు.

ఏమైందని అందరూ అడుగుతున్నారు. చెబుతాను. ముందు ఆ క్లాసు గురించి చెప్పాలి.

కరుణ బయాలజీ టీచర్. ఈ దీవుల్లో మా తెలుగువాళ్ల పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. తెలుగు చదవడం మాత్రం రాదు. చర్చి పిల్లలతో క్లాసు మొదలుపెట్టింది. తర్వాత చేపల వేటకెళ్లే ఇళ్ల పిల్లలూ చేరారు.

మాటను ముక్కలు చేసి అట్టల మీద రాసేది. "సూర్య" పట్టుకున్న పిల్ల గదికి ఈ చివర. "ఉదయం" ఆ చివర. పరుగెత్తుకొచ్చి ఢీకొనాలి. ఢీకొన్నచోట అందరూ "ఓ" అని అరవాలి.

సూర్యోదయం!

గోలేమిటని చూడ్డానికి వచ్చిన సంఘ పెద్ద చేతిలోనూ ఒక అట్ట పెట్టింది. ఆయనా పరుగెత్తారు.

ఒకరోజు "జలాంతర్గామి" వచ్చింది. నేను గుమ్మంలో ఉన్నాను.

"జల అంటే?"

"పానీ!"

"అంతర్?"

"అందర్!"

"గామి అంటే వెళ్లేది. ఇప్పుడు కలపండి."

పిల్లలు పెదాలు కదుపుతూ కలుపుకున్నారు. తర్వాత గది అరుపులతో దద్దరిల్లింది.

"పానీ కే అందర్ జానేవాలా! సబ్‌మెరైన్!"

"సబ్ అంటే కింద, మెరైన్ అంటే సముద్రానిది. చూశారా? ఇంగ్లీషోళ్లూ అట్టలే అతికించారు!"

వేటగాడి కూతురు ఒకమ్మాయి లేచింది. "దీదీ, మొన్న మా నాన్న బోటు బోల్తా పడిపోనాది. అదీ జలాంతర్గామేనా?"

కరుణ నవ్వి నవ్వి కుర్చీ పట్టుకుంది.

కిందటేడు డాక్టర్ నా చేతికి కరుణ పరీక్షల రిపోర్టు ఇచ్చారు. కార్డియోమయోపతీ.

నేను దాన్ని బీరువాలో దుప్పట్ల కింద దాచాను. ఆమెతో చెప్పలేదు. నీరసంగా ఉందని పాస్టరుగారికి చెప్పి క్లాసు ఆపించాను. గది ఖాళీ లేదట అని ఆమెతో అబద్ధం ఆడాను.

రెండు వారాల తర్వాత దుప్పటి తీస్తుంటే రిపోర్టు దొరికింది.

ఏడుస్తుందనుకున్నాను. మంచం మీద కూర్చుని, పెన్ను తీసి, ఆ మాట మీద రెండు గీతలు గీసింది.

"ఇలా చూడండి! కార్డియో, గుండె. మయో, కండరం. పతీ... మొగుడు కాదు లెండి, జబ్బు. ఎంత బాగా కలిపారో!"

ముఖంలో క్లాసులో ఉండే వెలుగే.

"నీకు భయం లేదా?"

"ఎందుకు లేదు? మీరు నోరెత్తకుండా దాచారు చూడండి, దానికి ఇంకా ఎక్కువ భయమేసింది. ఏదీ, మీరనండి."

ముక్క ముక్కగా నాతో అనిపించింది. రెండుసార్లు "మయో" దగ్గరే ఆగిపోయాను. మూడోసారి అన్నాను.

"కరెంటాయన పాస్," అంది. తర్వాత ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం.

ముఖం కడుక్కొచ్చి, "పాస్టరుగారికి ఫోన్ చెయ్యండి. గది లేదని చెప్పి క్లాసు ఆపింది మీరేగా," అంది.

చేశాను.

ఆమె కూర్చుని పాఠం చెప్పడానికి డాక్టర్ ఒప్పుకున్నారు. "పరుగు పిల్లలది, కేకలు నావి," అనేది. ఒక్క శనివారం మానలేదు.

నా దాపరికమే నెగ్గి ఉంటే ఆమె చేతిలోంచి ఆ శనివారాలన్నీ లాగేసుకున్నవాణ్ణి నేనే అయ్యేవాణ్ణి. ప్రేమతోనే అయినా సరే. మీలో ఎవరి ఇంట్లోనైనా దుప్పట్ల కింద అలాంటి కాగితం ఉంటే, దయచేసి బయటికి తీయండి.

నిన్న కూడా కేకలు వేస్తూనే ఉందట. పిల్లలు చెప్పారు.

ఈ సాయంత్రం గరాచర్మలో మా ఇంటి దగ్గర ప్రార్థన. పిల్లల్ని తీసుకురండి. గోల చేసినా పర్వాలేదు.

వెళ్లిరా కరుణా. అలసిపోయావు. ప్రభువు నీకు నెమ్మది ఇవ్వాలి.