నల్లుల మందూ, నా అన్నం క్యారేజీ

1957లో ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో, ఒక పాన్ దుకాణానికీ సైకిల్ షాపుకీ మధ్య ఇరుక్కున్న పెస్ట్ కంట్రోల్ కంపెనీలో చేరాను. పెస్ట్ కంట్రోల్ అంటే ఇళ్ళలో నల్లులకీ బొద్దింకలకీ చెదలకీ మందు కొట్టడం. కంపెనీ అంటే పైన హౌరా బ్రిడ్జి అంత బోర్డు, కింద మా యజమాని దాదా, నేను, ఒక ఇత్తడి స్ప్రే పంపు. పంపు వీపుకి తగిలించుకుంటే నేను ముందుకీ అది వెనక్కీ లాగేవాళ్ళం. గాలి వాలుని బట్టి ఎవరో ఒకరు గెలిచేవాళ్ళం.

దాదా నాకు నేర్పిన విద్య ఒకే ఒక్కటి. ఇంటివాళ్ళు ఏమడిగినా "కోనో భోయ్ నేయి" అనాలి. బెంగాలీలో ఏం భయం లేదు అని దానర్థం. ఆ మూడు ముక్కలూ బట్టీ పట్టి, నేను మొదటిసారి ఒంటరిగా వెళ్ళిన ఇల్లు గూడ్సు గార్డు రామ్మూర్తిగారి క్వార్టరు. శ్రీకాకుళం వైపు మనుషులు. ఆయన భార్య నరసమ్మగారు గుమ్మంలోనే నన్ను ఆపేశారు.

"ఏటి బాబూ, నువ్వూ కాలవలోనే పోస్తావా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ చెప్పారు. మొదట ఒక కంపెనీవాడిని పిలిచి, తనకొచ్చిన హిందీలో "హమారా ఘర్‌మే బహుత్ నల్లీ హై" అన్నారట. వాడికి అది నాలీ అని వినిపించింది. హిందీలో నాలీ అంటే మురికి కాలవ. పాపం, ఎంతో శ్రద్ధగా పెరటి కాలవ పొడుగునా మందు పోసి, సలాం కొట్టి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నల్లులు పండగ చేసుకున్నాయి.

"నేను తెలుగువాణ్ణేనమ్మా. నల్లి అంటే నాకు నల్లే."

"బతికించినావు నాయనా, లోపలికి రా."

లోపల ఆవిడ కూతురు లక్ష్మి, పురిటికి వచ్చిన పిల్ల, నెల నిండని పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ ఇంట్లో నల్లులెన్నంటే, ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబెడితే చివర్లోవి చోటు చాలక పట్టాల మీదకి దిగాలి. అంతవరకూ నవ్వొచ్చే సంగతే. కానీ పాప బుగ్గ మీదా మెడ మీదా ఎర్రటి దద్దుర్లు చూశాక నాకు నవ్వు రాలేదు.

"ఇయ్యాల కూడా ఇలాగే ఉంటే రేపు బండెక్కి మా అత్తోరింటికి పోతానమ్మా" అంది లక్ష్మి.

"పచ్చి పురుటాలివి, ఆ పసిగుడ్డుతో రాత్రంతా రైల్లో ఏటి పోతావే!" అని నరసమ్మగారు నా వైపు తిరిగారు. "బాబూ, మందు కొట్టినాక పిల్లని ఆ గదిలో ఎప్పుడు పండబెట్టాల?"

'కోనో' నా నాలిక చివరికొచ్చింది.

"ఆగు. నిన్న ఇంకొకడొచ్చినాడు. ఎంటనే పండబెట్టీయొచ్చు అన్నాడు. అయితే నీ క్యారేజీ మూత తీసి ఆ మంచం కింద పెట్టు, మందు కొట్టు, తరవాత అక్కడే కూకుని తిను అన్నాను. ఆ పోవడం పోనాడు, గొడుగు కూడా మర్సిపోనాడు."

గొడుగు ఇంకా మేకుకి వేలాడుతోంది.

"మరి నువ్వు పెడతావేటి?"

రైల్వే ఊళ్ళో క్యారేజీలు రెండు రకాలు. ఒకటి వర్క్‌షాపులో బాగుచేసేది, రెండోది మధ్యాహ్నం మనని బాగుచేసేది. నా రెండో రకం దాంట్లో ఆ రోజు మా ఆవిడ వండిన చేపల పులుసు ఉంది. ఆ వాసనకి బొంబాయి మెయిల్ సిగ్నల్ లేకుండా ఆగిపోతుంది. నోరు 'కోనో' అనబోతుంటే, రెండు చేతులూ వాటంతట అవే క్యారేజీని గుండెకి హత్తుకున్నాయి.

"పెట్టనమ్మా" అన్నాను. "పాప కూడా ఆ గదిలో ఉండకూడదు. కొన్నాళ్ళు పక్కింట్లో ఉంచండి. మందు మాట తరవాత, ముందు ఇవి ఎక్కడ్నించి వస్తున్నాయో చూడనివ్వండి."

ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "ఈ ముక్క సెప్పినోడు నువ్వొక్కడివే. నువ్వే కొట్టు" అన్నారు.

మందు కొట్టే ముందు ఇల్లంతా గాలించడాన్ని మా వృత్తిలో ఇన్‌స్పెక్షన్ అంటారు. మంచం కోళ్ళు, గోడ పగుళ్ళు, దేవుడి పటాల వెనకాల అన్నీ చూశాను. ఎప్పుడు ఎక్కువవుతున్నాయని అడిగితే, "నాన్న డ్యూటీ దిగొచ్చిన మర్నాడు" అంది లక్ష్మి. సరిగ్గా అప్పుడే రామ్మూర్తిగారు బెడ్డింగు చుట్ట చంకన పెట్టుకుని లోపలికొచ్చారు. అందరం ఆ చుట్ట వైపే చూశాం. గార్డులూ డ్రైవర్లూ ఊరుకాని ఊళ్ళో డ్యూటీ దిగాక పడుకునే గదిని రన్నింగ్ రూమ్ అంటారు. ఆ పరుపు అక్కడ పరుచుకునేదే.

"నా బెడ్డింగా? ఇన్నేళ్ళ సర్వీసులో నా మీద ఒక్క రిమార్కు లేదు!" అన్నారాయన. ఎండలో విప్పాను. అతుకుల్లోంచి నల్లులు బిలబిలా దిగాయి.

"బాగుంది! గార్డువై ఉండి టిక్కెట్టు లేని పాసింజర్లని ఇంటికి తోలుకొచ్చినావు" అన్నారు నరసమ్మగారు. ఏడుపు మొహంతో ఉన్న లక్ష్మి కూడా పకపకా నవ్వింది.

తల్లీపిల్లా పక్క క్వార్టరుకి మారారు. మంచాల మీద మరిగే నీళ్ళు పోశాం, బట్టలు ఉడకబెట్టాం, పగుళ్ళలో మాత్రమే మందు కొట్టాను. గదంతా కడిగి, గాలి ఆడించాకే పాప తిరిగొచ్చింది. లక్ష్మి బండెక్కలేదు. రామ్మూర్తిగారి బెడ్డింగు ఆ తరవాత పెరట్లో ఎండ కాగందే గడప దాటలేదు.

మరిగే నీళ్ళతో పనైపోతే ఇంక కంపెనీ ఎందుకని దాదా బోర్డు ఊగేలా అరిచాడు. మర్నాటి నుంచి చుట్టుపక్కల క్వార్టర్లవాళ్ళు "క్యారేజీ అబ్బాయిని పంపండి" అంటూ రావడంతో మెత్తబడ్డాడు. ఆ పేరు మీదే నేనీ ఊళ్ళో ఇరవయ్యేళ్ళుగా అన్నం తింటున్నాను. అందుకు నరసమ్మగారికి రోజూ ఒకసారి దణ్ణం పెట్టుకుంటాను. ఇంటికి మందు కొట్టేవాణ్ణి ఎలా ఎంచుకోవాలని ఎవరడిగినా ఆవిడ పరీక్షే చెబుతాను. బోర్డు చూడకండి, గ్యారంటీ వినకండి, వాడి అన్నం ఎక్కడ పెట్టాడో చూడండి.

మొన్న ఈ ఊళ్ళోనే తాల్‌బగీచా నుంచి కబురొస్తే వెళ్ళాను. కొత్తగా కాపరం పెట్టిన ఇంట్లో తలుపు చట్రానికి చెదలు. తలుపు తీసింది ఆనాటి పాపే. బుగ్గ మీద మచ్చైనా లేదు. గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి, అచ్చం వాళ్ళ అమ్మమ్మలా నిలబడింది.

"ఏటి మావయ్యా, క్యారేజీ తెచ్చినావా?"