తోకకు ముక్కు అని పేరు పెట్టిన బొమ్మ

మా కాలేజీలో రష్యా సైన్యపు తొలి ఎయిర్‌షిప్పుల మీద ప్రాజెక్టు చెయ్యని తెలుగువాళ్లు లేరు. వాటి గురించి నాలుగు మాటలు చెప్పగలిగినవాళ్లూ లేరు. ఈ వింత ఎలా సాధ్యమో చెప్పాలంటే ముందు ఆ కాలేజీ గురించి చెప్పాలి.

కాలేజీ అనగానే గేటూ, చెట్లూ, మెట్లూ ఊహించుకోకండి. కెనడాలో గ్వెల్ఫ్‌కీ, అక్కడే ఉన్న ఇంకో లండన్‌కీ మధ్య, హైవే పక్కనున్న ఒక ఊళ్లో, కింద పళ్ల డాక్టరూ పరుపుల షాపూ ఉన్న బిల్డింగులో రెండో అంతస్తు మా కాలేజీ. విమానాల నిండా స్టూడెంట్లు దిగుతున్న రోజులవి. ఒక ఇన్‌టేక్ సర్దుకునేలోపు ఇంకో ఇన్‌టేక్ వచ్చిపడేది. కుర్చీలు చాలక కొందరం కిటికీ గట్టు మీద కూర్చునేవాళ్లం. బ్రోషర్‌లో కాలేజీ పక్కన ఒక సరస్సు ఉండేది. రెండేళ్లలో ఆ సరస్సు నాకు కనిపించలేదు. వర్షం పడితే పార్కింగ్‌లో నీళ్లు మాత్రం నిలిచేవి.

నేను కరీంనగర్ నుంచి వచ్చాను. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. ఆ సంగతి అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పేదాన్ని. కాఫీ షాపులో నెత్తికి హెడ్‌సెట్ పెట్టుకుని కారు కిటికీల్లోంచి డోనట్లు అందిస్తూ కూడా మనసులో ఇంజనీర్‌నే. కన్సల్టెన్సీ వాడు నన్ను చేర్పించింది మాత్రం మేనేజ్‌మెంట్ కోర్సులో. అందులో ‘టెక్నాలజీ చరిత్ర’ అని ఒక సబ్జెక్టు. ఏదైనా పాత యంత్రాన్ని తీసుకుని, దాని బొమ్మ పెట్టి, భాగాల పేర్లు గుర్తించి, పది పేజీల రిపోర్టు రాయాలి. బొమ్మకు సగం మార్కులు.

ఏ యంత్రమైనా తీసుకోవచ్చని పేరుకే. నిజానికి టాపిక్కులు ఎప్పుడో పంపకాలైపోయాయి. పంజాబీలది ఆవిరి ఇంజిను, గుజరాతీలది వేలాడే వంతెన, మలయాళీలది కుట్టుమిషను. మనవాళ్ల వాటాకు రష్యా ఎయిర్‌షిప్పులు, అంటే పెద్ద గాలి సంచీతో తేలే ఓడలు, వచ్చాయి. మొదటి బ్యాచ్‌లో ఎవరో సీనియర్ అన్న ఆ టాపిక్ చేసి పాసయ్యాడు. ఫైలు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అప్పట్నుంచి మనవాళ్లు మొదటి పేజీలో పేరు, తేదీ మార్చి అదే ఫైలు ఇస్తున్నారు. కాస్త ఎక్కువ కష్టపడే రకాలు వాక్యాలు అటూ ఇటూ తిప్పేవాళ్లు. ఆ అన్న మాత్రం అప్పటికే సార్నియాలో ట్రక్కు నడుపుతున్నాడని విన్నాను.

నాతో బేస్‌మెంట్ పంచుకున్న కడప అక్క మా బ్యాచే. స్టవ్ మీద పప్పు ఉడికేలోపు ప్రాజెక్టు అప్‌లోడ్ చేసేసి, లేచి తాలింపు వేసింది. నేను చూసి నవ్వాను. ఇలాంటివాళ్ల వల్లే మనకు ఇక్కడ విలువ లేకుండా పోతోందని పైకి అనలేదు గానీ, నా మొహం చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది.

నేను లైబ్రరీకి వెళ్లాను. ఊరి పబ్లిక్ లైబ్రరీలో పాత విమానాల పుస్తకాలు రెండు దొరికాయి. మూడోది లండన్ నుంచి తెప్పించారు. వాటిని నిజంగానే చదివాను. చదివినకొద్దీ ఆ సైన్యం మీద నాకు గౌరవం తగ్గుతూ వచ్చింది. వాళ్లు మొదట కట్టిన ఎయిర్‌షిప్పుకు పెట్టిన పేరుకు అర్థం ‘శిక్షణది’ అని. ఆ తర్వాత పిట్టల పేర్లు మొదలుపెట్టారు. ఫ్రాన్స్‌లో ఒకటి కొని హంస అన్నారు. ఇంకోదానికి డేగ అని పెట్టారు. యుద్ధానికి పంపే యంత్రానికి పావురం అని పేరు పెట్టిన పెద్దమనుషులు కూడా వాళ్లే. కొన్నవాటిలో చాలావాటి ఇంజిన్లలో బలం లేదు. కావలసినంత ఎత్తుకు లేవవు. గాలి కొంచెం గట్టిగా వీస్తే షెడ్డులోంచి బయటికి తియ్యరు. అన్నిటికంటే పెద్దది ఒకటి కట్టుకుని ‘రాక్షసి’ అనే అర్థం వచ్చే పేరు పెడితే, అది మొదటిసారి ఎగిరినప్పుడే నడుము వంగి కిందపడింది. ఎలాగో పైకి లేచిన వాటిమీద సొంత సిపాయిలే తుపాకులు పేల్చారట. షెడ్డుల్లో దాచిన వస్తువును వాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు, శత్రువుదనుకున్నారు. ఇంత దండగమారి వ్యవహారం మన సీనియర్ అన్న ఫైల్లో ‘రష్యా సైన్యం ఘన విజయం’ అని ఉంది.

అప్పుడు బొమ్మ చూశాను. ఫ్రాన్స్‌లో కొన్న హంస బొమ్మ అది. పొడుగాటి గాలి సంచీ, కింద మనుషులు కూర్చునే తొట్టి, ఒక చివర రెక్కలు. ఆ రెక్కలున్న చివరకు అన్న ‘ముక్కు’ అని రాశాడు. రెండో చివరకు ‘తోక’ అని రాశాడు. పైగా రెక్కల వైపుకు బాణం గుర్తు వేసి ‘ప్రయాణించే దిశ’ అన్నాడు. బాణానికి ఈకలు ఏ వైపు ఉంటాయో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బ్యాచ్ మీద బ్యాచ్, ఇంతమంది ఇంజనీరింగ్ డిగ్రీల వాళ్లు ఎయిర్‌షిప్పును వెనక్కి నడుపుతూ పాసవుతూ వచ్చారన్నమాట. నాకు నవ్వాగలేదు. పేర్లు సరిచేసి, బాణం తిప్పి, పది పేజీలూ కొత్తగా నేనే రాసి ఇచ్చాను.

అక్కకు చెబితే పళ్లెంలోంచి తలెత్తలేదు.

“తోక ముందుంటే నీకేం పోయిందే? అదేమన్నా ఇప్పుడు ఎగరబోతాందా?”

రెండు వారాలకు మార్కులు వచ్చాయి. అక్క పాసైంది. నేను ఫెయిలయ్యాను. బొమ్మకు సున్నా. పక్కన ‘పేర్లు తారుమారయ్యాయి’ అని రాసి ఉంది.

అది మాకు చివరి సెమిస్టర్. ఈ ఒక్క సబ్జెక్టు పోతే కంప్లీషన్ లెటర్ రాదు. ఆ లెటర్ లేకుండా వర్క్ పర్మిట్‌కి అప్లై చెయ్యడానికి లేదు. నా స్టడీ పర్మిట్‌కి ఇంకా నలభై రోజులే ఉన్నాయి. తోక, ముక్కు అనే రెండు మాటల మీద నేను ఈ దేశంలో ఉండడం ఆధారపడింది. ఒళ్లు మండిపోయింది. మూడు పుస్తకాలూ సంచిలో వేసుకుని సార్ దగ్గరికి వెళ్లాను.

సార్ మనవాడే. నలభై ఏళ్ల కిందట ఆంధ్రా నుంచి వచ్చి, ఫ్యాక్టరీల్లో ఇంజనీరుగా చేసి రిటైరై, ఊసుపోక పాఠాలు చెప్పేవాడు. క్లాసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడేవాడు కాదు. ఆయనకు ప్రత్యేకంగా గది లేదు. జిరాక్స్ మిషను ఉన్న గదిలో ఒక మూల టేబులు వేశారు.

“కూర్చోమ్మా,” అన్నాడు తెలుగులో. పుస్తకాలు టేబుల్ మీద పరిచాను. ఆయన వాటిని తెరవలేదు.

“నువ్వు వేసిందే కరెక్టు.”

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు.

“మరి సున్నా ఎందుకేసిన్రు సార్?”

“ఆన్సర్ కీలో అలా లేదు.”

“కీ ఎవరు చేసిన్రు?”

ఆయన కళ్లజోడు తీసి స్వెట్టర్ అంచుతో తుడుచుకున్నాడు. “నేను జాయినయ్యేసరికి టర్మ్ సగం అయిపోయింది. ముందున్నాయన నాకేమీ హ్యాండోవర్ చెయ్యకుండా వెళ్లిపోయాడు. అప్పటికే పాసైన కుర్రాడి ఫైలు ఒకటి కనబడితే దాన్నే కీగా పెట్టుకున్నాను. తప్పుందని తర్వాతెప్పుడో చూసుకున్నా.”

ఆ ముందున్నాయన ఫైలు చూడకుండానే పాస్ చేశాడని వేరే చెప్పక్కర్లేదు. అన్న తప్పు వేశాడు, ఒకాయన చూడకుండా సంతకం పెట్టాడు, ఇంకొకాయన ఆ సంతకం చూసి నమ్మాడు. అక్కడితో తప్పు ఒప్పయిపోయింది.

“చూసుకున్నంక మార్చొచ్చు కదా సార్?”

“మార్చాలంటే ఫారం నింపాలమ్మా. ఎప్పట్నుంచి తప్పుందో రాయాలి. అప్పుడు ఇన్నాళ్లూ పాసైనవాళ్ల పేపర్లన్నీ బయటికి తీస్తారు. వాళ్లలో చాలామందికి వర్క్ పర్మిట్లు వచ్చేశాయి. వాళ్ల నెత్తిన బండ వెయ్యమంటావా?” గొంతు తగ్గించి, “నా కాంట్రాక్టు కూడా టర్మ్ టర్మ్‌కీ రెన్యూ చేస్తారు,” అన్నాడు.

మొదటి మాట వింటే ఆయన మీద కాస్త గౌరవం కలిగేదేమో. రెండోది విన్నాక కలగలేదు. అంత వయసులో, అంత చదువు చదివి, జిరాక్స్ మిషను పక్కన ఒక కుర్చీ కోసం ఎయిర్‌షిప్పును వెనక్కి నడుపుతున్న మనిషి. సొంత సైన్యం కాల్పులంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

“ఇవాళ ఐదింటిలోపు మళ్లీ అప్‌లోడ్ చెయ్యి. బొమ్మ అందరూ పెట్టినట్టే పెట్టు. మిగతాది నేను చూసుకుంటా.”

“తప్పని తెలిసీ తప్పు రాయమంటున్నరా సార్?”

“పాసవ్వమంటున్నానమ్మా.”

కంప్లయింట్ పెడతానని చెప్పి విసురుగా లేచాను. ఆయన ఆపలేదు. కంప్యూటర్ రూముకు వెళ్లి ఫిర్యాదు ఫారం తెరిచి, కసికొద్దీ ఒక పేజీ రాశాను. చాలా బాగా వచ్చింది. అడుగున చిన్న అక్షరాలతో ‘సమాధానానికి ఎనిమిది వారాలు పట్టవచ్చు’ అని ఉంది. నలభై రోజులంటే ఎన్ని వారాలో ఇంజనీర్‌కి లెక్కపెట్టనక్కర్లేదు. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

ఫారం మూసేశాను. నా బొమ్మ తెరిచి ‘ముక్కు’ అన్న మాటను పట్టుకుని రెక్కల దగ్గరికి లాగాను. ‘తోక’ను ఇటు చివరకు తెచ్చాను. బాణం తిప్పాను. నిమిషం కూడా పట్టలేదు. రిపోర్టులో రెక్కలు వెనక ఉంటాయని నేను రాసిన పేరా మాత్రం అలాగే వదిలేశాను. దాన్ని ఎవరూ చదవరని నాకు తెలుసు.

బ్యాచ్ మొత్తంలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇంటికెళ్లేసరికి అక్క సేమ్యా పాయసం చేసింది. ఎలా పాసయ్యావని అడుగుతుందేమోనని ఆ పాయసం గబగబా తాగేశాను. ఆమె అడగలేదు. నన్ను దెప్పడానికి ఆమెకు అంతకంటే మంచి రోజు దొరకదు. అయినా దెప్పలేదు.

ఎక్కువ మార్కులు వచ్చాయి కాబట్టి మనవాళ్లు నా ఫైలు గ్రూపులో పెట్టమన్నారు. పెట్టాను. అప్పట్నుంచి సీనియర్ అన్న ఫైలు మూలపడి, సీనియర్ అక్క ఫైలు తిరగడం మొదలైంది.

వర్క్ పర్మిట్ వచ్చింది. గ్వెల్ఫ్‌లో కారు భాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్‌లో చేరాను. ఒక క్లాంపు తిరగేసి బిగించి ఉంటే చాలు, ఎర్ర స్టిక్కర్ అంటించి పక్కన పడేస్తాను. లైన్ సూపర్‌వైజర్ బతిమాలినా వినను. నా దగ్గర ఎవరి మాటా చెల్లదని అక్కడ అందరూ అంటారు. వింటుంటే నాకు బాగానే ఉంటుంది.

మొన్న లంచ్ బ్రేక్‌లో ఒక మెసేజ్ వచ్చింది. కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయట, గ్రూపులో నా నంబర్ చూసిందట.

“అక్కా, మీ రిపోర్ట్ మొత్తం చదివిన. మస్తు రాసిన్రు. కానీ రెక్కలు వెనక ఉంటయని మీరే రాసి, బొమ్మల రెక్కల కాడ ముక్కు అని పెట్టిన్రు. తెలియక పెట్టిన్రా?”

ఇన్ని బ్యాచ్‌లలో ఆ రిపోర్టును చదివిన మొదటి మనిషి. నాకు సంతోషం వేయాలి. అన్నం డబ్బా మూత పెట్టేశాను. తెలిసే పెట్టానని చెప్పడానికి సిగ్గేసింది. తెలివితక్కువదాన్నని అనుకున్నా ఫర్వాలేదనిపించింది.

“అవును, తెలియక. కానీ నువ్వు మార్చకు,” అని పంపాను.

వెంటనే జవాబు వచ్చింది. “తప్పని తెలిసినంక కూడా అట్లనే ఉంచమంటున్నరా అక్కా?”

బ్రేక్ అయిపోతోంది. ఆ అమ్మాయి పర్మిట్‌కి ఇంకా ఎన్ని రోజులుందో అడగలేదు.

“పాసవ్వమంటున్నా,” అని కొట్టాను. ఆ మాట నేను ఎక్కడ విన్నానో గుర్తొచ్చేసరికి మెసేజ్ వెళ్లిపోయింది. పక్కన రెండు నీలం టిక్కులు కూడా పడ్డాయి.