చెప్పకుండా పెట్టిన పదును

డెబ్బైల మొదట్లో, పెళ్లైన కొత్తలో, గోదావరిఖనిలో బొగ్గుగనుల కంపెనీ క్వార్టరులో ఉండేవాళ్లం. నేను ఆఫీసులో గుమాస్తాను. మా వంటింటి కత్తి ఎవరికీ హాని తలపెట్టని సాధుజీవి.

"ఒత్తి ఒత్తి చెయ్యి గుంజుతున్నది. డిగ్రీ చదివినోళ్లు, కత్తికి జర పదును వెట్టరాదా?" అంది నా భార్య.

అంగడికి వెళ్లాను. ఆకురాయితో రుద్దితే కత్తే అరిగిపోతుందన్నారు. సానచక్రం అతను ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. ఒకవైపు గరుకుగా, మరోవైపు నున్నగా ఉన్న చిన్న సానరాయి అన్నిటికంటే చవక. అదే కొన్నాను. ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు కత్తిని శ్రద్ధగా నూరి, ఏమీ ఎరగనట్టు దాని చోట పెట్టేశాను. ఆశ్చర్యపోతుందని నా ఆశ.

ఆశ్చర్యపోయింది. అలవాటు కొద్దీ సొరకాయ మీద బలమంతా పెట్టి ఒత్తింది. కత్తి సొరకాయను దాటి వేలిలోకి దిగింది. నెత్తురు చూసి ముందు కూలబడింది నేనే.

కేక విని పక్కింటి రాజయ్య కాక పరుగెత్తుకొచ్చాడు. బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. గాయానికి పసుపద్ది, గుడ్డ కట్టి, నావైపు తిరిగాడు.

"సానరాయి మంచిదే తెచ్చినవ్ సారూ. కని బాయిల మేం గొడ్డలి నూరితే, పక్కోనికి చెప్పకుంట చేతికియ్యం. మొద్దుదనుకొని కొడితే కాలు పోతది. గీ ముచ్చట కాలేజీల చెప్పలేదా?"

చెప్పలేదు.

దవాఖానలో మూడు కుట్లు పడ్డాయి. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఆమె సంతోషం కోసమంటూ ఆమెకు చెప్పకుండా చేసే పనులన్నీ ఆ రోజుతోనే మానేశాను.