నా కళ్ళ కోసం మా అత్త ఉపవాసం

మా అత్తకి చదువు రాదు. బైబిలు మాత్రం సగానికి సగం నోటికి వచ్చు. ఆ సగమూ నేను చదివితే ఆవిడ వినగా వచ్చిందే. పెళ్ళయి చోడవరం వచ్చిన కొత్తలో పడిన అలవాటది. సాయంత్రం టీ తాగాక మంచం అంచున కూర్చుని, కొంగు తలమీదకి లాక్కుని, "సదువమ్మా" అంటుంది. నేను ఒక అధ్యాయం చదువుతాను. నచ్చినచోట చెయ్యెత్తి ఆపుతుంది. "ఆ మాట మళ్ళీ సదువు" అంటుంది. మధ్యలో కునుకు పడితే నేనే ఆపి, పుస్తకం మూసి, దుప్పటి కప్పి లేచి వస్తాను. చింతపండు దగ్గర్నుంచి చుట్టాల దాకా మేమిద్దరం పోట్లాడుకోని విషయం లేదు. ఎంత పోట్లాడుకున్న రోజైనా ఆ చదువు మాత్రం ఆగలేదు.

దాన్ని ఆపింది నేనే. ఒక ఆట కోసం.

మా అబ్బాయికి విశాఖపట్నంలో ఉద్యోగం. కొత్త గేమ్ మిషన్ ఏదో కొనుక్కుని, పాతది మా బీరువాలో పడేసి వెళ్ళాడు. రెండు చేతుల్లో ఇమిడిపోతుంది. మధ్యలో తెర, అటూ ఇటూ బొత్తాలు. బీరువా సర్దుతూ దుమ్ము దులుపుతుంటే వెలిగింది. తెరమీద చిన్న ఇల్లు, ఇంటి ముందు మడి, ఒక కోడి. విత్తనాలు వెయ్యాలి, నీళ్ళు పొయ్యాలి, కోడికి మేత పెట్టాలి. కాస్సేపు చూద్దామనుకున్నాను.

నేను ఎవరనుకున్నారు? ప్రైవేటు స్కూల్లో చాన్నాళ్ళు టీచరుగా చేసినదాన్ని. "ఫోన్లు చూస్తే కళ్ళు పోతాయి" అని పిల్లల మీదా, పిల్లల తల్లుల మీదా ఊరు దద్దరిల్లేలా అరిచినదాన్ని. ఇంకోటి కూడా చెప్పాలి. రావికమతం దగ్గర మా సొంత చెరకు తోటని "ఎవరు చూస్తారు ఆ ఎండలో" అని కౌలుకి ఇప్పించేసిందీ నేనే. అలాంటిదాన్ని, లేని మడిలో లేని టమాటాలకి పొద్దస్తమానం నీళ్ళు పోస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నా సేద్యం మొదలయ్యేది. మా ఆయన అనకాపల్లిలో డ్యూటీకి పోయేవాడు. అత్త నడుం వాల్చేది. నేను గది తలుపేసి, వెలుతురుకి బొమ్మ కనపడటం లేదని కిటికీ కూడా మూసేసి, ఆ చీకట్లో తెరని ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. రెప్ప వేస్తే కోడి ఎటు పోతుందోనని రెప్ప కూడా వేసేదాన్ని కాదు. కొన్నాళ్ళకి కళ్ళలో ఇసక పోసినట్టయింది. కణతలు లాగేవి. తలుపు తీసుకుని వాకిట్లోకి వస్తే ఎదురింటి మేడ కాసేపు మసగ్గా కనిపించి, అప్పుడు కుదురుకునేది. పుస్తకం పట్టుకుంటే ఒక వరస మీద ఇంకో వరస ఎక్కేది.

"ఇయ్యాల కళ్ళు మండతన్నాయత్తా, రేపు చదువుతాను" అన్నాను ఒక సాయంత్రం.

"సరేలేమ్మా. కళ్ళ కన్నా ఎక్కువేటి" అంది.

నేను గదిలోకి వెళ్ళి టమాటాలు కోసుకున్నాను. అవి ఆ పూటకి కోతకొచ్చి ఉన్నాయి.

అబద్ధం ఆడానని మాత్రం ఎవరూ అనలేరు. కళ్ళు నిజంగానే మండుతున్నాయి. మండే కళ్ళతో బైబిలు చదవలేను గాని ఆట ఆడగలను. ఆ రెండో సంగతి ఆవిడకి చెప్పలేదు, అంతే. మర్నాడూ అదే మాట అన్నాను. ఆ తర్వాత ఆవిడ "సదువమ్మా" అనడమే మానేసింది. నన్ను ఇబ్బంది పెట్టకూడదని టీ తాగి అలా గోడకేసి చూస్తూ కూర్చునేది. అది చూసి కూడా నేను గదిలోకే వెళ్ళాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు తల కొట్టేసినట్టుంది.

చివరికి ఆవిడే పట్టుబట్టి నన్ను అనకాపల్లి కళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. తోడు తనే వచ్చింది. డాక్టరుగారు లైటు వేసి చూసి, అక్షరాలు చదివించి, "కంటిలో జబ్బేమీ లేదమ్మా. బాగా అలిసిపోయి, పొడిబారిపోయాయి. స్క్రీన్ ఏమైనా ఎక్కువ చూస్తారా?" అని అడిగారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేయి చేతిసంచి మీదకి పోయింది. మిషన్ అందులోనే ఉంది. బస్సులో అత్త కునుకు తీస్తే ఆడుకోవచ్చని తెచ్చుకున్నాను. పక్కనే స్టూలు మీద మా అత్త.

"టీవీ చూస్తానండి, కొంచెం" అన్నాను.

"టీవీ కూడా సూడదు బాబూ. పనీ, ఇల్లూ, అంతే" అంది అత్త నాకు వత్తాసుగా.

ఆయన చుక్కల మందు రాసి, దగ్గర చూసే పని చేసేటప్పుడు మధ్య మధ్య తలెత్తి దూరంగా చూడమని, రెప్పలు వేస్తుండమని చెప్పి పంపేశారు. జబ్బు లేదన్న మాట మా అత్తకి నచ్చలేదు. డాక్టరుకే అంతు చిక్కలేదంటే ఇదేదో పెద్దదే అని ఆవిడ లెక్క. దార్లో నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పే వేళ అత్త లేచి నిలబడింది. మా సంఘంలో ఎవరికి ఏ కష్టమొచ్చినా అప్పుడే చెప్పుకుంటారు. తన మోకాళ్ళ నొప్పి గురించి కూడా ఎన్నడూ లేవని మనిషి. "మా కోడలికి కళ్ళు పోతన్నాయి. డాట్రుకి తెలీట్లేదు. దానికోసం ప్రార్థన సెయ్యండమ్మా" అంది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, వచ్చే శుక్రవారం ఉపవాస కూడిక నా కళ్ళ కోసమే అని ప్రకటించారు. చుట్టూ ఆడవాళ్ళు జాలిగా నా వైపు చూశారు. నాకేమో దొంగకి తేలు కుట్టినట్టుంది.

శుక్రవారం పొద్దున్నే అత్త తలస్నానం చేసి, తెల్లచీర కట్టి బయల్దేరింది. నేనూ చీర మార్చుకోబోతే వద్దంది.

"నువ్వు రాకు. అక్కడ ఫేన్ల గాలికి కళ్ళు ఇంకా మండుతాయి. కళ్ళు మూసుకుని తొంగో."

ఆవిడకి షుగరు. పొద్దున మాత్ర వేసుకున్నాక ఏదో ఒకటి తినాలి. ఆ సంగతి చూసుకోవాల్సింది నేను. టిఫిన్ తిన్నావా అని కూడా అడగలేదు. ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, నేను గది కిటికీ మూశాను.

మా సంఘం ఆవిడ ఒకావిడ ఆటోలో వచ్చి తలుపు బాదేదాకా నాకు బయటి లోకం తెలియలేదు. ఫోను మోగిందట. విననే లేదు. చేతిలో మిషన్‌ని దుప్పటి కిందకి తోసి తలుపు తీశాను. వెలుతురు మొహాన కొట్టి కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"ఏడవకమ్మా, బాగానే ఉంది. మీ అత్తకి కళ్ళు తిరిగేయి. పంచదార నీళ్ళు పట్టించేం, లేచి కూకుంది. రా" అందావిడ.

నేను ఏడవడం లేదు. అది ఆట వల్ల కారిన నీరు. ఆవిడ నా భుజం చుట్టూ చెయ్యి వేసి ఆటో ఎక్కిస్తుంటే ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చర్చిలో చాప మీద, గోడకి జేరబడి ఉంది అత్త. చీరంతా చెమట. ఎవరో సంచిలోంచి మాడుగుల హల్వా తీసి చిన్న ముక్క పెడితే చప్పరిస్తోంది. మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా వచ్చి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా మోకాళ్ళ మీద ఉందట. ఎవరు చెప్పినా లేవలేదట. నన్ను చూడగానే నా గడ్డం పట్టుకుని మొహం ఎత్తి చూసింది.

"ఇంకా ఎర్రగానే ఉన్నాయేటే" అంది.

ఆ పూటే మిషన్‌ని గుడ్డలో చుట్టి బీరువా పైన పడేశాను. కొన్నాళ్ళు చేతులు దానికోసం కొట్టుకున్నాయి. పగలు కిటికీలు తీశాను. డాక్టరుగారు చెప్పినట్టు రెప్పలు వేస్తూ, వాకిట్లో నిలబడి దూరాన కొండలు చూశాను. ఎరుపు పోయింది. కణతల నొప్పి పోయింది. అక్షరాలు వరసలో నిలబడ్డాయి. మా అత్త ఆనందం చూడాలి. కూరలమ్మికి చెప్పింది, దేవరాపల్లిలో ఉన్న ఆడపడుచుకి ఫోన్ చేసి చెప్పింది. "ఆదివారం లేచి సాక్షమియ్యి. మేలు పొందినప్పుడు సెప్పుకోవాల" అంది.

మేలు జరిగితే సంఘం ముందు సాక్ష్యం చెప్పడం మాకు ఆనవాయితీ. చెప్పకపోతే తప్పు. నాకోసం అంతమంది కడుపు మాడ్చుకున్నారు, ఒక మనిషి పడిపోయింది కూడా. దేవుడు బాగు చేశాడని అక్కడ నిలబడి చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది? వారమంతా నలిగి, లేచి నిలబడి నిజం చెప్పేశాను. నాకు జబ్బు లేదని, పిల్లల ఆట ఆడి ఆడి కళ్ళు పాడు చేసుకున్నానని, మీరంతా మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా ఇంట్లో అదే ఆడుతున్నానని. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నారు. కూర్చున్నాను. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది గాని గుండె మాత్రం తేలికపడింది. పెద్ద ధైర్యం చేశాననే అనుకున్నాను.

పక్కనున్న అత్త నా వైపు చూడలేదు. కొంగు తలమీద నుంచి ఇంకాస్త ముందుకి లాక్కుంది.

ఇంటికి వస్తుంటే మా వీధి మలుపు దాకా నాకన్నా నాలుగడుగులు ముందే నడిచింది. అక్కడ ఆగింది.

"నాకొక్కదానికీ సెప్తే సరిపోను కదమ్మా" అంది. "ఆడుకుంటానంటే నేనేటైనా అందునా? సదవలేనంటే సదవొద్దందును. అందరిలోనూ లేచి నీ కోసం అడిగేను. అందరితోపాటు నేనూ ఇప్పుడే ఇన్నాను."

అప్పుడు అర్థమైంది. నేను సంఘం దగ్గర నా బరువు దించుకున్నాను. నాకోసం పడిపోయిన మనిషిని ఆ సంఘం మధ్యలో కూర్చోబెట్టి మరీ దించుకున్నాను. వారమంతా ఆవిడా నేనూ ఒకే ఇంట్లో ఉన్నాం, టీ తాగేటప్పుడు ఎదురెదురుగా కూర్చున్నాం. చెప్పడానికి అంతకన్నా మంచి చోటు నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? తప్పైపోయిందత్తా అన్నాను. "సర్లే, నడు. ఎండెక్కుతంది" అంది.

కోపం పెట్టుకోలేదు. పెట్టుకుంటే బాగుండును. మా అబ్బాయి వచ్చినప్పుడు, బైబిలు చదివి వినిపించేది ఫోన్‌లో ఉంటుందటగా, పెట్టి ఇమ్మని అడిగింది. "మీ అమ్మ కళ్ళకి రెస్టు" అని చెప్పింది. ఎత్తిపొడుపు కాదు. ఆవిడకి ఎత్తిపొడుపులు రావు, వస్తే మొహం మీదే తిడుతుంది.

ఇప్పుడు నా కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. సన్న అక్షరం కూడా చదవగలను. చదువుతానత్తా అని ఎన్నోసార్లు అన్నాను. "ఎందుకమ్మా, ఇది ఉంది కదా" అంటుంది. సాయంత్రం టీ తాగాక ఆవిడ గదిలోంచి ఎవరో తెలియని మగగొంతు అధ్యాయం చదువుతూ ఉంటుంది. చెయ్యెత్తినా అది ఆగదు. అన్న మాట మళ్ళీ అనదు. అత్త కునుకు పట్టాక కూడా చదువుకుంటూ పోతుంది. నేను వెళ్ళి, దాన్ని ఆపి, దుప్పటి కప్పి వస్తాను. ఆ గదిలో నాకు మిగిలిన పని అదొక్కటే.